ఎవరిని లెక్కపెట్టారు? - పరిశోధనా వ్యాసాలు మనమెందుకు చదవాలి

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిలింనగర్ దాకా వెళ్తే చర్మం, జుట్టు, బరువు, సంతానం పేరుతో నడిచే క్లినిక్‌ల బోర్డులు దారిపొడవునా కనబడతాయి. ఇలాంటి ప్రకటనల్లో సినిమా తార నవ్వుతోబాటు ఇప్పుడు మరో మాట కూడా చేరింది: 'శాస్త్రీయంగా రుజువైంది'. తార నవ్వును ప్రశ్నించడం మనకు తెలుసు. స్త్రీ శరీరాన్ని సరుకుగా మార్చడం గురించి మహిళా సంఘాలు ఎన్నో ఏళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నాయి. కానీ 'పరిశోధనలో తేలింది' అనగానే మన గొంతు తగ్గిపోతుంది. అది డాక్టర్ల వ్యవహారం, ఇంగ్లీషు వ్యవహారం, మనకెందుకులే అనుకుంటాం. ఈ మౌనం వల్ల నష్టపోతున్నది మనమే. పరిశోధనా వ్యాసాన్ని చదవడం, దాన్ని ప్రశ్నించడం కూడా మన ఆరోగ్య హక్కులో భాగమేనని నా వాదన.

నేను చదివింది తెలుగు ఎం.ఏ. కృష్ణానగర్, ఫిలింనగర్ బస్తీల్లో స్త్రీల ఆరోగ్యం గురించి పనిచేసే ఒక చిన్న బృందంలో ఉన్నాను. మాలో ఒక నర్సు, ఒక జువాలజీ లెక్చరరు, బి.ఎస్సీ. చదువుతున్న ఇద్దరమ్మాయిలు ఉన్నారు. మిగిలినవాళ్ళం సైన్సుతో సంబంధం లేనివాళ్ళం. నెలకొక ఆదివారం కూర్చుని ఒక పరిశోధనా వ్యాసం చదువుతాం. మొదట్లో ఒక పేజీ దాటడానికి పూట పట్టేది. ఇప్పుడు ఒక పూటలో వ్యాసం మొత్తం చదివి, దాని సారం తెలుగులో ఒక పేజీ రాసుకోగలుగుతున్నాం. కాబట్టి ఇది చేతకాని పని కాదని అనుభవంతోనే చెబుతున్నాను.

మేం రంగుతో మొదలుపెట్టాం. కారణం ఉంది. బయట ఆడపిల్ల రంగు పెళ్ళి సమస్య అయితే ఇక్కడ అది కూలి సమస్య కూడా. షూటింగులో ఎవరిని ముందు వరసలో నిలబెడతారో, ఎవరిని వెనక్కి పంపుతారో రంగును బట్టే ఉంటుందని జూనియర్ ఆర్టిస్టులు చెబుతారు. అందుకే తిండి ఖర్చు తగ్గించుకునైనా క్రీములు కొనేవాళ్ళున్నారు. పెద్ద క్లినిక్‌లలో గ్లూటాథయోన్ ఇంజక్షన్లు తీసుకుంటే తెల్లబడతారట, నిజమేనా అని అడిగేవాళ్ళున్నారు. 'అందం మనసులో ఉంటుంది' అని ఉపన్యాసం ఇస్తే వాళ్ళకు పని దొరకదు. వాళ్ళు అడిగిన ప్రశ్నకు జవాబు కావాలి.

గ్లూటాథయోన్ మన ఒంట్లో సహజంగానే ఉండే పదార్థం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కావడానికి టైరోసినేజ్ అనే ఎంజైము అవసరం. ఆ ఎంజైము పనికి గ్లూటాథయోన్ అడ్డు తగులుతుందని ప్రయోగశాలలో గమనించారు. అయితే గాజు పాత్రలో జరిగేదంతా మనిషి ఒంట్లోనూ జరగాలని లేదు. అందుకే మనుషుల మీద చేసిన అధ్యయనం కోసం వెతికాం. థాయ్‌లాండ్ పరిశోధకులు చేసినది ఒకటి 2012లో ఒక చర్మవైద్య పత్రికలో అచ్చయింది. అరవైమంది వైద్య విద్యార్థులను చీటీ వేసినట్టు రెండు బృందాలుగా విడదీశారు. ఒక బృందానికి రోజుకు 500 మిల్లీగ్రాముల గ్లూటాథయోన్, రెండో బృందానికి మందు లేని ఉత్త గుళికలు నాలుగు వారాలపాటు ఇచ్చారు. ఎవరు ఏది మింగుతున్నారో ఇచ్చేవాళ్ళకూ తెలియదు, మింగేవాళ్ళకూ తెలియదు. పద్ధతి మంచిదే. తర్వాత ఒంటిమీద ఆరుచోట్ల మెలనిన్‌ను కొలిచారు.

ఫలితం ఏమిటి? ఆరు చోట్లా కొంత తగ్గుదల కనిపించింది. కానీ ఉత్త గుళికలు మింగినవాళ్ళతో పోల్చినప్పుడు గణాంకాల ప్రకారం చెప్పుకోదగ్గ తేడా వచ్చింది రెండుచోట్ల మాత్రమే: ముఖం కుడివైపు, ఎండ తగిలే ఎడమ ముంజేయి. ఇక ఈ వ్యాసాన్ని బోర్డు పక్కన పెట్టి చూడండి. వ్యాసంలో ఉన్నది గుళిక. క్లినిక్‌లో ఇచ్చేది నరంలోకి ఇంజక్షను. వ్యాసంలో ఉన్నది నాలుగు వారాలు. ఆ తర్వాత ఏమైందో, సంవత్సరాల తరబడి వాడితే ఏమవుతుందో ఈ అధ్యయనం చెప్పలేదు. ఆరుచోట్ల కొలిస్తే ఎక్కడో ఒకచోట కాకతాళీయంగా తేడా కనబడే అవకాశం కూడా పెరుగుతుంది. ఇందులో పరిశోధకులను తప్పుపట్టడానికేమీ లేదు, వాళ్ళు చేసింది చేసినట్టు రాశారు. ఆ చిన్న ఫలితాన్ని పట్టుకుని ఏకంగా ఇంజక్షన్లు అమ్మడం దగ్గరే మోసం ఉంది. వ్యాసం చదవకపోతే ఈ రెండింటి మధ్య దూరం మనకు కనబడదు.

చదివే వరస గురించి కొంచెం చెప్పాలి. పరిశోధనా వ్యాసాన్ని కథలాగా మొదటినుంచి చివరిదాకా చదవనక్కరలేదు. సారాంశం చదివి అక్కడే ఆగిపోకూడదు కూడా, ఎందుకంటే రచయితలు తమ పనిని వీలైనంత మెరుగ్గా చూపించుకునే చోటు అదే. సారాంశం తర్వాత నేరుగా 'పద్ధతులు' అన్న భాగానికి వెళ్ళాలి. మనుషుల మీద చేశారా, ఎలుకల మీదా, గాజు పాత్రలోని కణాల మీదా? ఎంతమంది? వాళ్ళను ఎలా ఎంచుకున్నారు? ఎవరితో పోల్చారు? ఎంతకాలం చూశారు? ఏం కొలిచారు? ఈ ఆరు ప్రశ్నలూ మేం ఒక అట్టమీద రాసి గోడకు తగిలించుకున్నాం. తర్వాత పట్టికలు చూడాలి. వాటిలో ఉండేవి కూడికలు, శాతాలే. మన పొదుపు సంఘం లెక్కలు చూసేవాళ్ళకు అవి కష్టం కాదు. ఆ తర్వాత డబ్బెవరిచ్చారో చివర చిన్న అక్షరాల్లో వెతకాలి. రచయితల అభిప్రాయాలుండే 'చర్చ' భాగాన్ని, మనకొక అభిప్రాయం ఏర్పడిన తర్వాతే చదవాలి.

'పి విలువ' అన్న మాట చూసి చాలామంది భయపడతారు. పి విలువ 0.05 కంటే తక్కువ అంటే మందు 95 శాతం పనిచేస్తుందని కాదు. నిజంగా ఏ తేడా లేకపోయినా, కేవలం కాకతాళీయంగా ఇంత తేడా కనబడే అవకాశం నూటికి 5 కంటే తక్కువ అని మాత్రమే. ఆ తేడా మన జీవితంలో పనికొచ్చేంత పెద్దదా అన్నది వేరే ప్రశ్న. దాన్ని మనమే వేసుకోవాలి.

రెండో వ్యాసం మందుల షాపులో దొరికే స్టెరాయిడ్ క్రీముల గురించి. 2011లో చర్మవైద్యుల భారతీయ పత్రికలో అచ్చయింది. దేశంలోని వివిధ చర్మవైద్య కేంద్రాలకు ముఖంమీది సమస్యతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది, అంటే 14.8 శాతం, ముఖానికి స్టెరాయిడ్ క్రీము రాస్తున్నారని తేలింది. వాళ్ళలో 257 మందికి దాన్ని సూచించింది డాక్టరు కాదు. ఫెయిర్‌నెస్ క్రీముగానో, మామూలుగా రాసుకునే క్రీముగానో, గడ్డం గీసుకున్నాకనో వాడినవాళ్ళు 126 మంది. మొత్తం 433 మందిలో 392 మందికి, అంటే 90.5 శాతానికి, దుష్ఫలితాలు కనిపించాయి. మొటిమలు రావడం, ఉన్నవి ముదరడం అన్నిటికంటే ఎక్కువ.

ఈ అంకెలు బస్తీలో చెప్పినప్పుడు ఒక డాన్సరు నన్ను అడిగింది: "అక్కా, గా పేపర్ల ఎవరిని లెక్కబెట్టిన్రు? మమ్మల్నైతే ఎవరూ అడగలే." ఆమె ఏడో తరగతితో చదువు మానేసింది. కానీ పరిశోధనా పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. లెక్కపెట్టింది ముఖం పాడై చర్మ డాక్టరు దగ్గరకు వచ్చినవాళ్ళను. ఏ ఇబ్బందీ రాక ఇంట్లో ఉండిపోయినవాళ్ళు ఈ లెక్కలో లేరు. కాబట్టి క్రీము రాసిన ప్రతి వందమందిలో తొంభైమందికి ముఖం పాడవుతుందని ఈ వ్యాసం ఆధారంగా చెప్పలేం. ఇంకోవైపు, బాధ ఉన్నా డాక్టరుకు ఇచ్చుకునే డబ్బులేక, ఆ రోజు కూలి పోగొట్టుకోలేక రానివాళ్ళు కూడా ఈ లెక్కలో లేరు. ఇంత జాగ్రత్తగా చెప్పినా, డాక్టరు చూడకుండా ఈ క్రీములు ముఖానికి రాయడం ప్రమాదమన్న మాట చెక్కుచెదరదు. 2018లో ప్రభుత్వం 14 రకాల క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో చేర్చింది. ఆ ఉత్తర్వు మన వీధిలోని మందుల షాపులో అమలవుతోందా లేదా చూడవలసింది మనమే.

డాక్టర్లు కాని స్త్రీలు వైద్య పరిశోధనను పట్టి చూడటం మన దగ్గర కొత్తేమీ కాదు. 1985లో హైదరాబాదు పక్కనే ఉన్న పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షను పరీక్ష కోసం శిబిరం పెట్టినప్పుడు, అది ప్రయోగమన్న సంగతి అక్కడికొచ్చిన స్త్రీలకు సరిగా చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్ళి ప్రశ్నించారు. 1986లో ఢిల్లీకి చెందిన సహేలీ, అహ్మదాబాదుకు చెందిన చింగారీలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నినాదాలతోనే ఆ కేసు నడవలేదు, ఆ మందు గురించిన శాస్త్ర సమాచారం సేకరించి, చదివి వాదించవలసి వచ్చింది. 1991లో వెలువడిన 'సవాలక్ష సందేహాలు' కూడా స్త్రీల ఆరోగ్యం గురించి ఆ సంఘటన చేసిన పనిలో నుంచే వచ్చింది. మనం ఆ దారిని కొనసాగించాలి.

అయితే ప్రశ్నించడమంటే ప్రతిదాన్నీ కాదనడం కాదు. ఖమ్మం జిల్లా అనుభవం మనకు ఈ విషయం బాగా నేర్పుతుంది. 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ ఆడపిల్లలకు, దాదాపు 14 వేలమందికి, గర్భాశయ ముఖద్వార కాన్సరును నివారించే హెచ్.పి.వి. టీకా వేయడం మొదలుపెట్టారు. చాలామంది హాస్టళ్ళలో ఉండే పిల్లలు, ఆదివాసీ పిల్లలు. మహిళా, ఆరోగ్య సంఘాల ఆందోళన తర్వాత 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకం చేశారని 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం బయటపెట్టింది. దుష్ఫలితాలను నమోదు చేసే ఏర్పాటు కూడా సరిగా లేదని తప్పుపట్టింది. ఆ కాలంలో జరిగిన పిల్లల మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. కానీ తల్లిదండ్రుల అనుమతిని కాలరాసిన నేరం దానివల్ల మాసిపోదు.

ఇప్పుడు బస్తీలో తల్లులు అడుగుతున్నారు: "మా పిల్లకు ఆ టీకా వేయించొచ్చా?" ఖమ్మం జ్ఞాపకంతో వద్దని చెప్పేయడం తేలిక. మేం 2020లో అచ్చయిన స్వీడన్ అధ్యయనం చదివాం. అక్కడ 2006 నుంచి 2017 వరకు 10-30 ఏళ్ళ వయసులో ఉన్న 16,72,983 మంది రికార్డులు చూశారు. 17 ఏళ్ళు నిండకముందే టీకా వేసుకున్నవాళ్ళలో ఈ కాన్సరు 88 శాతం తక్కువగా ఉంది. అంటే నూటికి 88 మందికి కాన్సరు తప్పిందని కాదు. ఏ వయసులో వేసుకున్నా అందర్నీ కలిపి చూస్తే, 30 ఏళ్ళు వచ్చేసరికి టీకా వేసుకున్న లక్షమందిలో 47 మందికి, వేసుకోని లక్షమందిలో 94 మందికి ఈ కాన్సరు వచ్చింది. ఇది సాధారణంగా అంతకంటే పెద్ద వయసులో ఎక్కువగా వచ్చే జబ్బు. కాబట్టి అసలు ప్రయోజనం ముందుముందు ఇంకా తెలుస్తుంది. అక్కడ వాడింది ఖమ్మంలో వేసిన రకం టీకాయే. టీకా మంచిది, దాన్ని మన పిల్లల మీద వాడిన తీరు అన్యాయం. రెండూ నిజమే. రెండింటినీ ఒకేసారి చెప్పగలిగే ధైర్యం చదివినవాళ్ళకే వస్తుంది. చదవకపోతే కంపెనీకి వంతపాడతాం, లేదా పుకారుకు వంతపాడతాం.

'ఇంట్లో కొట్టే మొగుళ్ళు, రాని జీతాలు, కూల్చే గుడిసెలు ఉండగా ఈ కాగితాలు చదివే తీరిక ఎక్కడిది?' అని మిత్రులు అడుగుతారు. ఆ కేసుల కోసం మనం చట్టాలు నేర్చుకోలేదా? ఎఫ్.ఐ.ఆర్. చదవడం, రాయించడం నేర్చుకోలేదా? ఒకప్పుడు అవీ మనవి కావనే అన్నారు. 'శాస్త్రమే మగవాళ్ళదీ, డబ్బున్నవాళ్ళదీ' అని ఇంకొందరంటారు. నిజమే, ఎవరి జబ్బు మీద పరిశోధన జరగాలో, ఎవరి ఒంటిమీద జరగాలో నిర్ణయించేది వాళ్ళే. అందుకే ఆ కాగితం మన చేతిలోకి రావాలి.

ప్రతి సంఘం నెలకొక పూట ఇందుకు కేటాయించాలి. పక్క కాలేజీ నుంచి ఒక జీవశాస్త్రం టీచరును, ఒక నర్సును పిలవాలి. చాలా వ్యాసాలు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. మనుషుల మీద జరిగే మందుల పరీక్షలను 2009 జూన్ నుంచి జాతీయ రిజిస్టరులో నమోదు చేయడం తప్పనిసరి. దాన్ని ఎవరైనా చూడవచ్చు. చదివినదాన్ని ఒక పేజీ తెలుగులో రాసి బస్తీకి తీసుకెళ్ళాలి, అక్కడ వచ్చే ప్రశ్నలు రాసుకుని రావాలి. దానితోబాటు, ప్రజల డబ్బుతో జరిగే ప్రతి పరిశోధన సారాన్నీ తెలుగులో ఇవ్వాలని, పరీక్షలో పాల్గొన్న స్త్రీలకు దాని ఫలితం తప్పకుండా చెప్పాలని మనం ప్రభుత్వాన్ని అడగాలి. మన రక్తం, మన చర్మం, మన గర్భాశయం ఆ పట్టికల్లో అంకెలుగా ఉన్నప్పుడు, ఆ పట్టికలు చదివే హక్కు కూడా మనదే.