కోత ఎక్కడ పెడుతున్నారు?

కానుకల పెట్టె పలచబడిన ఏడాది సంఘపెద్దలు లెక్కలకు కూర్చుంటే మొదట కొట్టివేసే పద్దు మిషనరీలకు పంపే సొమ్ము. రెండోది పల్లె కాపరికి ఇచ్చే జీతం. మందిరం ముందు కట్టే ఆర్చి, గ్రానైటు నేల, సభల వేదిక మీది ఎల్‌ఈడీ తెర మాత్రం ఏ కష్టకాలంలోనూ కదలవు. 'మన ఊరే పస్తులుంటే పరదేశం మనకెందుకు?' అన్న ప్రశ్న అప్పుడే లేస్తుంది. ప్రశ్నలో న్యాయం ఉంది. అడుగుతున్నవాళ్లు ఊరికైనా పెడుతున్నారా అంటే అదీ లేదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై మందిరాలకు తాళాలు పడ్డాయి. ఆదివారం కానుక మీదే బతికే పల్లె కాపరుల ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది. పలుగూ పారా పట్టుకుని ఉపాధి పనికి వెళ్లినవారున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. ఒక సంస్థకు వచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు ఇవ్వడం నిషేధించారు. పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి దించారు. చట్టం మంచిచెడ్డల మీద వాదించవచ్చు, వాదించాలి కూడా. కానీ బయటి సొమ్ము ఆగగానే సేవ ఆగిపోయిందంటే, వందేళ్లు దాటిన సంఘం ఇంకా తన కాళ్ల మీద నిలబడలేదన్నమాట. ఈ తప్పును ఢిల్లీ మీదికి నెట్టలేం.

మన ముందుతరాలకు ఇంతకంటే గడ్డుకాలం వచ్చింది. 1876-78 ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో అలమటిస్తున్న జనానికి పని చూపించాడు. అన్నం ఆశ చూపి మతంలో కలుపుకున్నారన్న మాట రాకూడదని, కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మం అడిగినవారికి ఇవ్వలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగ పల్లెల కూలీలు.

సరిగ్గా పాతికేళ్లకు, 1903లో, తెలుగు బాప్టిస్టులు తమ హోం మిషన్ సొసైటీ తరఫున జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపారు. 1860 నుంచి ఓడలెక్కి అక్కడి చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన మనవాళ్లకు మన భాషలో వాక్యం చెప్పే మనిషి కావాలని అనుకున్నారు. కరువు పనిలో మట్టి మోసిన తరం ఇంకా బతికే ఉంది. వాళ్ల ఇళ్లలో పేదరికమూ పోలేదు. అయినా 'ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం' అని ఆగలేదు.

మిజోరం స్త్రీల సంగతీ ఇలాంటిదే. 1910లో అక్కడి సంఘాల్లో పిడికెడు బియ్యం పద్ధతి మొదలైంది. ఎసట్లో పోయబోయే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి సేవ కోసం వేరే గిన్నెలో వేస్తారు. మరుసటి ఏడాదే వెదురు పూసింది, ఎలుకలు పెరిగి పంటను తినేశాయి. వాళ్లు మౌతం అని పిలుచుకునే కరువు అది. అప్పుడు కూడా ఆ గిన్నె తీసి అవతల పెట్టలేదు. నేడు ఆ చిన్న కొండ రాష్ట్రపు సంఘాలు సొంత ఖర్చుతో ఇతర రాష్ట్రాలకూ దేశాలకూ మిషనరీలను పంపుతున్నాయి.

అపొస్తలుల కార్యములు చదివే ప్రతి విశ్వాసికీ అంతియొకయ సంఘం తెలుసు. కరువు వస్తుందని విని యూదయలోని సహోదరులకు సాయం పంపింది ఆ సంఘమే. బర్నబాను, సౌలును దూరప్రాంతాలకు సాగనంపిందీ ఆ సంఘమే. ఊరా, లోకమా అన్న తగవు వాళ్లకు రాలేదు.

సంఘపెద్దలారా, వచ్చే ఆదివారం లెక్కల పుస్తకం సంఘం ముందు తెరవండి. పల్లె కాపరి ఇంటి తిండికీ వైద్యానికీ ఎంత, దూరాన ఉన్న సేవకుడికి ఎంత, కట్టడాలకు ఎంత అన్నది అందరికీ వినపడేలా చదవండి. మొదటి రెండు పద్దులూ నిండాకే మూడోదాని జోలికి వెళ్లండి. ఈ ఏడాది కోత తప్పదంటే ఆ కోత ఆర్చికి పెట్టండి.