అక్షరానిది కాదు తప్పు!

2018 ఫిబ్రవరిలో తెలుగు పేరు ప్రపంచమంతా మోగిపోయింది, గుర్తుందా? ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోనుకి 'జ్ఞా' ఉన్న మెసేజి ఒకటొస్తే చాలు, ఆ యాప్ ఢమాల్! మనోళ్ళు కూడా "తెలుగోడి దెబ్బ" అని జోకులేసుకున్నారు. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. కథ కంచికి, మనం స్టాండప్ మీటింగుకి.

నాకు మాత్రం ఆ జోకు అంతగా నవ్వు తెప్పించదు. మామూలుగా టైపు చేసే 'జ్ఞా'తో ఏ గొడవా లేదు. జ్ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని 'జీరో విడ్త్ నాన్ జాయినర్' దూరితేనే గోల. కొన్ని బెంగాలీ, దేవనాగరి అక్షరాలతోనూ అదే జరిగింది. లోపం అక్షరాన్ని గీసే కోడులో ఉంటే, చెడ్డపేరు మాత్రం తెలుగుకొచ్చింది.

సరే, అదెక్కడో కాలిఫోర్నియాలో రాసిన కోడు (అక్కడా మనోళ్ళు తక్కువేం లేరనుకోండి). మరి మాదాపూర్‌లో కూర్చుని మనం రాసేదాని సంగతేంటి? మన టెస్ట్ డేటా నిండా 'టెస్ట్1', 'జాన్ డో'లే. ఎవరండీ ఈ జాన్ డో? మీ వీధిలో ఉన్నాడా?

'స్త్రీ' తీసుకోండి. మనకది ఒకే అక్షరం. యూనికోడ్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, మళ్ళీ పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8లో 18 బైట్లు. పేరు పొడుగైందని గుడ్డిగా సబ్‌స్ట్రింగ్ కొడితే అక్షరం ఒకచోట, వత్తు ఒకచోట! ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషుకి 160 అక్షరాల చోటుంటే, యూనికోడ్‌కి 70. అందులో ఆరు ఈ ఒక్క 'స్త్రీ'కే పోతాయి.

ఇంకోటి. 'సాఫ్ట్‌వేర్' అని సరిగ్గా కనబడాలంటే మధ్యలో ఆ నాన్ జాయినరే ఉండాలి. లేకపోతే అది 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంటుంది. ఇన్‌పుట్ శుభ్రం చేస్తున్నామంటూ దాన్ని ఊడ్చేస్తే రాత పాడవుతుంది, పట్టించుకోకుండా వదిలేస్తే సెర్చ్‌లో ఆ రెండూ వేర్వేరు పదాలైపోతాయి. దాచేటప్పుడు ఉంచాలి, వెతికేటప్పుడు వదిలెయ్యాలి. అంతే కదా!

"క్లయింటు అడగలేదు, రిక్వైర్‌మెంట్‌లో లేదు" అంటారా? అడగరు. మా అమ్మమ్మలాంటి వాళ్ళకి తమ పేరు యాప్‌లో డబ్బాలు డబ్బాలుగా కనబడితే బగ్ రిపోర్టు రాయరు. "నాకే ఫోను వాడటం రాదేమో" అనుకుని పక్కన పెట్టేస్తారు. ఆ తప్పు వాళ్ళమీద వేసుకోవడమే నాకు మింగుడు పడని విషయం.

దీనికి మేనేజరు అనుమతి అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. రేపు మీ టెస్ట్ డేటాలో మూడు పేర్లు చేర్చండి: జ్ఞానప్రసూన, శ్రీకృష్ణ, లక్ష్మీనరసింహం. సేవ్ చేసి, వెతికి, పీడీఎఫ్ తీసి, వత్తులు ఊడాయేమో చూడండి. ఏదీ విరక్కపోతే సంతోషం. విరిగితే, కనీసం అక్షరాన్ని చూసి నవ్వకండి. ఏమంటారు?