హద్దు గీసేది ఎవరు?



బెంగుళూరులో ఒక మిల్లు పేరు మీద శాసనసభ నియోజకవర్గం ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. బిన్నీ మిల్లు వల్ల బిన్నీపేట, ఆ పేట పేరుతో నియోజకవర్గం. 2008 ఎన్నికల నాటికి ఆ పేరు జాబితాలో లేదు. అక్కడి వీధులు వేరే నియోజకవర్గాలకు పంపకమయ్యాయి.

ఇది ఏ ఎమ్మెల్యే పన్నాగమో అని అప్పట్లో టీ బంకుల దగ్గర చెప్పుకున్నాం. కాదు. 2002 చట్టం కింద జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన వేసిన డీలిమిటేషన్ కమిషన్ గీసిన హద్దులవి. ఆ కొత్త హద్దుల మీద మొట్టమొదట ఓటు వేసింది కర్ణాటకే. బెంగుళూరు సెంట్రల్ లోక్‌సభ స్థానం పుట్టిందీ ఆ గీతలతోనే. రాష్ట్రానికి ఉన్న 28 లోక్‌సభ, 224 శాసనసభ స్థానాల లెక్క మాత్రం మారలేదు. 1976లో 42వ సవరణ ఆ సంఖ్యను 1971 జనాభా లెక్కల దగ్గర నిలిపివేసింది. 2026 తర్వాత వచ్చే తొలి జనాభా లెక్కల దాకా అలాగే ఉంచాలని 84వ సవరణ చెప్పింది.

42వ సవరణ అనగానే మాగడి రోడ్డు పాత కార్మికులకు ఇంకో సంగతి గుర్తు రావాలి. పార్లమెంటు చేసే రాజ్యాంగ సవరణను ఏ కోర్టూ ప్రశ్నించరాదని అందులో ఒక నిబంధన ఉండేది. 1980లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ కేసు పేరే మినర్వా మిల్స్. వేసింది యాజమాన్యం వైపువారు, మన కోసం కానే కాదు. అయినా లా కాలేజీ పిల్లలు నేటికీ మన మిల్లు పేరు బట్టీ పడుతున్నారు!

అలాంటిది, మన వీధి ఏ నియోజకవర్గంలో పడాలో తేల్చే ఉత్తర్వును మాత్రం ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదని 2002 చట్టంలోనే రాసి ఉంది. మరీ నిరంకుశంగా ఉంటే కోర్టులు చూడవచ్చునని 2024లో సుప్రీంకోర్టు అన్నది. తలుపు కాస్త తెరుచుకుంది, అంతే.

ఆఫ్రికాలోని కెన్యాను చూడండి. మనలాగే బ్రిటిష్ వాళ్ళ కింద నలిగిన దేశం. అక్కడి 2010 రాజ్యాంగం 290 నియోజకవర్గాలు పెట్టి, 8 నుంచి 12 ఏళ్ళకొకసారి హద్దులు సరిచూడాలన్నది. ఒక్కోదాని జనాభా సగటుకు నగరాల్లో 40 శాతం, మామూలు ప్రాంతాల్లో 30 శాతం మించి అటూ ఇటూ పోరాదు. ఎన్నికలు ఏడాదిలోపు ఉంటే కొత్త గీతలు ఆ ఎన్నికలకు చెల్లవు. అన్నిటికంటే మాకు నచ్చింది వేరు: గీత అన్యాయమనుకున్న మనిషి, కూలివాడైనా సరే, 30 రోజుల్లో హైకోర్టుకు పోవచ్చు. కోర్టు మూడు నెలల్లో తేల్చాలి. కెన్యా ఎన్నికల్లో గొడవలు లేవని కాదు, 2007 ఎన్నికల తర్వాత అక్కడ నెత్తురు పారింది. ఆ దెబ్బ తిన్న తర్వాతే ఈ రాజ్యాంగం రాసుకున్నారు.

మనకు చట్టం ఇచ్చిన అవకాశం ముసాయిదా దశలో ఉంది. కిందటిసారి కమిషన్ తన ప్రతిపాదనలను గెజిట్‌లోనూ స్థానిక భాషా పత్రికల్లోనూ వేసి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగంగా విచారించాలని చట్టంలో ఉంది. బెంగుళూరులో ఆ ప్రకటన కన్నడ పత్రికల్లో వస్తుంది. మనలో చాలామంది కన్నడం మాట్లాడతాం గానీ చదవలేం. ఈసారి ముసాయిదా పడిన రోజున, బడికి పోయే పిల్లల చేత చదివించుకుని, మన లైన్ల పేర్లు ఏ నియోజకవర్గం కింద ఉన్నాయో రాసి యూనియన్ ఆఫీసుకు పంపండి.