శిబిరం ముగిసిన మరునాటి సంగతి



సంఘ వార్షికోత్సవాలు, పండుగలు దగ్గర పడుతుంటే మా ఆఫీసుకు ఉత్తరాలు, ఫోన్లు వస్తుంటాయి. "సిస్టర్ గారూ, మా ఊళ్లో ఒక ఉచిత వైద్య శిబిరం పెట్టండి. షామియానా మేం వేయిస్తాం, భోజనాలు మేం చూసుకుంటాం" అని పెద్దలు ఎంతో ప్రేమగా అడుగుతారు. వారి మనసు మంచిది, అందులో సందేహం లేదు. అయితే ఈ మధ్య నేను వారిని తిరిగి ఒక ప్రశ్న అడుగుతున్నాను. "మరి వచ్చే నెల ఆ ఊరికి ఎవరు వెళ్తారండీ?" అని. ఈ ప్రశ్న కొందరికి నచ్చడం లేదు. ఎందుకు అడుగుతున్నానో ఈ పేజీలో వివరంగా చెప్పుకుంటాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏడాదికొకసారి పెట్టే పెద్ద శిబిరంతో పేదవారికి వైద్యం అందినట్టు కాదు. నెలనెలా ఒకే తేదీన, ఒకే చోట ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని నడిపే చిన్న క్లినిక్‌తో అందుతుంది. ఆ క్లినిక్‌కు రాని వారి పేర్లు రాసుకుని, వారి ఇంటికి వెళ్లి పలకరించే మనిషి కూడా ఉంటే ఇంకా బాగా అందుతుంది.

శిబిరం వేటికి మంచిది?

శిబిరాలన్నీ దండగ అని నేను అనడం లేదు. కంటి శుక్లాల సంగతి చూడండి. శిబిరంలో శుక్లం ఉన్నవారిని గుర్తించి, ఆసుపత్రికి తీసుకువెళ్లి ఆపరేషన్ చేయించి, మళ్లీ ఇంటి దగ్గర దింపితే ఆ మనిషికి లోకం తిరిగి కనబడుతుంది. రక్తదానం, కళ్లజోళ్లు, పుచ్చిన పన్ను తీయించడం వంటివి కూడా అలాంటివే. పని చాలా వరకు ఒక్కసారితో తీరిపోతుంది. వీటికి శిబిరం చక్కగా సరిపోతుంది.

కాని ఇప్పుడు మన ఇళ్లలో నడివయసు దాటిన వారిని ఎక్కువగా పట్టి పీడిస్తున్నవి బి.పి., షుగర్. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్లు, ఆ పైబడిన పురుషుల్లో 24 శాతం మందికి, స్త్రీలలో 21 శాతం మందికి బి.పి. ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు. అంటే ఇంచుమించు ప్రతి నలుగురైదుగురు పెద్దవారిలో ఒకరు. ఈ జబ్బులకు ఒక్క రోజు వైద్యం లేదు. చాలామంది రోజూ మాత్ర వేసుకోవాలి, ఏళ్ల తరబడి వేసుకోవాలి.

బి.పి.తో వచ్చిన చిక్కేమిటంటే అది నొప్పి పెట్టదు. పన్ను సలిపితే రాత్రికి రాత్రే ఇంట్లో అందరినీ లేపుతాం. బి.పి. పెరిగితే చాలామందికి ఏమీ తెలియదు. శిబిరంలో ఎవరో పట్టీ చుట్టి చూసి "అమ్మా, మీకు బి.పి. ఉంది" అని చెప్పి, పది రోజుల మాత్రలు ఇచ్చి, చీటీ రాస్తారు. ఆ అమ్మ శ్రద్ధగా పది రోజులూ వేసుకుంటుంది. పదకొండో రోజు ఏం చేయాలి? శిబిరం పెట్టిన మనకు ఆ పదకొండో రోజు లెక్కలో లేదు. మాత్ర ఆగాక బి.పి. మళ్లీ పెరుగుతుంది. మూత్రపిండాలు, కళ్లు, గుండె, మెదడు లోలోపల దెబ్బతింటూ ఉంటాయి.

ముప్పై ఏళ్లుగా వార్డుల్లో నేను చూస్తున్నది దీని ఫలితాన్నే. ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయి, మాట ముద్దగా అయిపోయి వస్తారు. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతమైతే ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వాలి, అదీ ముందుగా స్కాన్ తీసి చూశాక. మారుమూల పల్లె నుండి ఆ సమయానికి చేరుకునేవారు ఎందరు? చేయి తిరిగి పని చేయని కూలి మనిషి ఇంట్లో ఆ తరువాత పొయ్యి ఎలా వెలుగుతుంది? ఆ ఇంటి ఆడపిల్ల చదువు మాని తల్లికో తండ్రికో సేవ చేయడానికి కూర్చుంటుంది. నష్టం ఒక్క రోగితో ఆగదు.

"ఉచితం" అన్న మాట వెనుక

"మాత్రలు ఎందుకు మానేశారమ్మా?" అని అడిగితే మనలో చాలామంది ముందే ఒక జవాబు సిద్ధం చేసుకుంటాం. "వీళ్లకు తెలివి లేదు, చెప్పినా వినరు" అని. నేను ఒప్పుకోను. వారికి లెక్క బాగా తెలుసు. మీరూ నాతో కలిసి ఆ లెక్క వేయండి. ఊరి నుండి మండల కేంద్రానికి షేర్ ఆటో, అక్కడి నుండి పట్టణానికి బస్సు. తిరిగి రావడానికి మళ్లీ అంతే. ఆ రోజు కూలి పోయినట్టే. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడైతే తోడు వచ్చిన కొడుకుదో, కోడలిదో ఇంకో కూలి. మధ్యాహ్నం ఏదో ఒకటి తినాలి. ఓ.పి. చీటీ, రక్తపరీక్ష, మందులు వీటి తరువాతే వస్తాయి. చీటీ దగ్గర ఉచితమని రాసి ఉన్నా, ఇంటి గడప నుండి చీటీ దాకా రావడానికి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

ఆరోగ్యశ్రీ ఉంది కదా అని మీరు అనవచ్చు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆ పథకం ఎన్నో ఇళ్లను అప్పుల నుండి కాపాడింది. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకునే రోజులను మా నర్సులం కళ్లారా చూశాం గనుక దాని విలువ మాకు తెలుసు. కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరులో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు కూడా మంచిదే. అయితే ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్స నిమిత్తం పెట్టినవి. రోజూ వేసుకునే బి.పి. మాత్ర, నెలకోసారి షుగర్ పరీక్ష చాలా ఇళ్లలో సొంత డబ్బుతోనే నడుస్తున్నాయి. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2014-15లో దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో 62.6 శాతం ప్రజలు జేబులో నుండి పెట్టుకున్నారు. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గినందుకు సంతోషించాలి. కాని రోజు కూలితో బ్రతికే ఇంటికి ఆ మిగిలిన భాగం కూడా బరువే.

ఇంకొక అడ్డంకి మా వైపు నుండే వస్తుంది. "ఇన్నాళ్లు ఎక్కడికి పోయావు? మందులు మింగకుండా ఇప్పుడెందుకొచ్చావు?" అని కౌంటర్ దగ్గర పదిమందిలో గద్దిస్తే, ఆ మనిషి మళ్లీ రావడానికి మొహమాటపడతాడు. మన పల్లెల్లో ఆర్.ఎం.పి. అని పిలిచేవారి దగ్గరికి జనం ఎందుకు వెళ్తారో ఎప్పుడైనా ఆలోచించారా? అతడు రాత్రి పూట కూడా ఊళ్లోనే ఉంటాడు, ఇంటికి వస్తాడు, డబ్బు తరువాత ఇమ్మంటాడు, పేరు పెట్టి పిలుస్తాడు. ప్రతి నీరసానికీ సెలైన్ ఎక్కించడం, అక్కరలేని ఇంజెక్షన్లు వేయడం తప్పే. దాని వల్ల జరిగే హాని మాకు తెలుసు. అయినా ఆ నాలుగు గుణాలూ చదువుకున్న మనం నేర్చుకోవలసినవే.

నడిచి చూపించిన దారులు

నెలనెలా వెళ్లడం కుదిరే పని కాదని అనేవారికి మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది వేలూరు. మన చిత్తూరుకు దగ్గరలోనే ఉన్న ఆ ఊళ్లో డాక్టర్ ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో వైద్యం ప్రారంభించారు. తరువాతి సంవత్సరాల్లో ఆమె చుట్టుపక్కల పల్లెలకు క్రమంగా వెళ్తూ, దారిలో చెట్ల కింద ఆగి రోగులను చూసేవారు. ఆమె వస్తారని తెలిసి జనం అక్కడికి వచ్చి ఎదురుచూసేవారు. మళ్లీ వస్తారన్న నమ్మకమే అక్కడ సగం పని చేసింది.

రెండవది క్షయ. టి.బి. రోగి పేరు ఒకసారి రిజిస్టరులో ఎక్కితే మందులు ఉచితంగా ఇస్తారు. ఆ రోగి మధ్యలో రావడం మానేస్తే వెతుక్కుంటూ ఇంటికి వెళ్లాలన్నది అక్కడి పద్ధతి. 2018 ఏప్రిల్ నుండి మంచి ఆహారం కోసం నెలకు 500 రూపాయలు కూడా ఇచ్చారు. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేశారు. ఒక జబ్బుకు ఇంత శ్రద్ధ చూపగలిగినప్పుడు ఇంకొక జబ్బుకు ఎందుకు చూపలేం?

మూడవది మన రాష్ట్రపు 104 బండి. 2008లో మొదలైన ఈ సేవలో బండి నెలకొకసారి నిర్ణయించిన తేదీన ఊరికి వచ్చి, గర్భిణులను చూసి, బి.పి., షుగర్ ఉన్నవారికి మందులు ఇచ్చేది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జులై 1న కొత్త బండ్లు వచ్చాయి. 2017 నవంబరులో తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాల్లోని కొన్ని జిల్లాల్లో మొదలైన బి.పి. నియంత్రణ కార్యక్రమంలో కూడా నెల రోజుల మందులు ఒకేసారి ఇవ్వడం, ఎవరు రాలేదో చూసుకోవడం ముఖ్యమైన పనులుగా పెట్టుకున్నారు. ఈ మూడింటిలోనూ ఉన్నది ఒకటే సంగతి. తేదీ తప్పకపోవడం, మనిషిని మరవకపోవడం.

ఏం చేద్దాం?

ఒక పెద్ద శిబిరానికి షామియానా, బ్యానర్లు, మైకు, భోజనాలకు పెట్టే ఖర్చును పన్నెండు భాగాలు చేయండి. ప్రతి నెల రెండవ శనివారమో, ఊరి వారికి వీలైన మరే రోజో, ఒక నర్సు, ఒక బి.పి. మిషను, ఒక షుగర్ చూసే మిషను, నెలకు సరిపడా మాత్రలు. పొలం పనికి వెళ్లక ముందు ఉదయం ఆరు గంటలకో, తిరిగి వచ్చాక సాయంత్రమో క్లినిక్ పెట్టాలి. పదకొండు గంటలకు పెడితే పని లేనివారే వస్తారు. డాక్టరు గారు ప్రతి నెలా రాలేకపోవచ్చు. నర్సు చూసి రాసుకుంటుంది, తేడా ఉన్నవారిని ఆ రోజే డాక్టరు గారికి ఫోనులో తెలుపుతుంది. మందు మార్చడం, మోతాదు పెంచడం డాక్టరు పని, నర్సు సొంతంగా చేయకూడదు.

దానితోపాటు ఒక నోటుపుస్తకం. పేరు, వయసు, బి.పి., ఇచ్చిన మాత్రలు, మళ్లీ రావలసిన తేదీ. చివరి గడిలో "రాలేదు" అని రాయడానికి చోటు. నాకు ఆ చివరి గడే ముఖ్యం. రాని వారి ఇంటికి వారం లోపల సంఘంలోని యువకులో, స్త్రీల సమాజం వారో వెళ్లి పలకరించాలి. గద్దించకూడదు. "ఒంట్లో ఎలా ఉంది? ఏం అడ్డం వచ్చింది?" అని అడగాలి. పనుల కోసం వలస వెళ్లే కుటుంబాలుంటే ముందుగా డాక్టరు గారికి చెప్పి రెండు నెలల మాత్రలు, ఒక చీటీ ఇచ్చి పంపాలి. ఆ పుస్తకం అందరి చేతుల్లో తిరగకూడదు. ఒకరి జబ్బు సంగతి ఊరి మీద కబురు కాకూడదు.

ఇదంతా ప్రభుత్వం పని కదా అని అంటారు. నిజమే. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్ సెంటర్ ఉండాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న లెక్కే. 2018 నుండి సబ్ సెంటర్ల స్థాయిలోనే 30 ఏళ్లు దాటిన వారికి బి.పి., షుగర్ చూడాలని, మందులు అందించాలని కార్యక్రమం నడుస్తోంది. గనుక మన పుస్తకంలోని పేర్లు, వారు సరేనంటేనే, ఎ.ఎన్.ఎం. గారికి, ఆశా కార్యకర్తకు తెలియజేయాలి. సబ్ సెంటర్‌లో మాత్రలు దొరుకుతున్న ఊరికి మనం మాత్రలు మోసుకెళ్లనక్కరలేదు, మనుషులను అక్కడికి నడిపిస్తే చాలు. దొరకని ఊళ్లో "మందులు ఎందుకు రాలేదు?" అని పెద్దలు పది మంది కలిసి మర్యాదగా, విడవకుండా అడగాలి. మనం ఇచ్చే పది రోజుల మాత్రలు ఆ ప్రశ్నను నోరు నొక్కేవిగా ఉండకూడదు.

దాతలు శిబిరానికైతే ఇస్తారు, నెలనెలా మాత్రలకు ఇవ్వరని కమిటీ వారి భయం. శిబిరానికి ఫోటో ఉంటుంది, పదకొండో రోజు మాత్రకు ఫోటో ఉండదు. కాని దాతలు కూడా మన ఇళ్లవారే. ఇంట్లో పెద్దవారికి నెల మందులు తెచ్చేవారే. విడమరచి చెబితే అర్థం చేసుకుంటారని నా నమ్మకం.

గనుక ఈసారి శిబిరం కోసం ఉత్తరం రాసే పెద్దలు దయచేసి మూడు సంగతులు కూడా రాయండి. నెలనెలా కూర్చోవడానికి ఊళ్లో ఏ స్థలం ఇస్తారు? రాని వారి ఇళ్లకు వెళ్లే ఇద్దరు ఎవరు? మీ ఊరి ఎ.ఎన్.ఎం. గారితో మాట్లాడారా? ఈ మూడింటికి జవాబు ఉన్న ఊరికి మా నర్సులను పంపాలని ఆసుపత్రి కమిటీని నేనే అడుగుతాను. ఇక ఇంట్లో బి.పి. మాత్రల డబ్బా ఉన్నవారు ఈ పేజీ పక్కన పెట్టి, ఎన్ని మిగిలాయో ఒకసారి లెక్క పెట్టుకోండి. వారం రోజులకన్నా తక్కువ ఉంటే రేపే బయలుదేరండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్