హిజాబ్ నుంచి జంధ్యం దాకా.. కాలేజీ గేటు దగ్గర ఎవరి రూల్ చెల్లుతుంది?

చేతిలో హాల్‌టికెట్ ఉంది. సెంటర్‌కి టైమ్‌కే వచ్చాడు. కానీ ఒంటి మీది జంధ్యం తీస్తేనే లోపలికి అన్నారు. 2025 ఏప్రిల్ 17న కర్ణాటక సీఈటీలో బీదర్ విద్యార్థికి ఎదురైన అనుభవం ఇది. తీయనన్న ఆ కుర్రాడు లెక్కల పేపర్ రాయకుండానే ఇంటికెళ్లిపోయాడు. దుమారం రేగాక ప్రిన్సిపల్‌, సిబ్బందిపై వేటు పడింది. అసలు అలాంటి రూలే లేదని ప్రభుత్వం చెప్పుకొచ్చింది. మరి గేటు దగ్గర ఆ రూల్ పెట్టిందెవరు?

అంతకు మూడేళ్ల ముందు ఇదే రాష్ట్రంలో గొడవ హిజాబ్‌పై. ఉడుపి ప్రభుత్వ పీయూ కాలేజీలో మొదలైన వివాదం హైకోర్టుకెక్కింది. ఇస్లాంలో హిజాబ్ తప్పనిసరి ఆచారం కాదని, యూనిఫాం రూల్ సబబేనని 2022 మార్చి 15న తీర్పొచ్చింది. సుప్రీంకోర్టులో మాత్రం ఇద్దరు జడ్జీలు చెరో దారి పట్టారు. అక్టోబర్ 13న జస్టిస్ హేమంత్ గుప్తా అప్పీళ్లను కొట్టేశారు. జస్టిస్ సుధాంశు ధూలియా మాత్రం అది ఆ అమ్మాయిల ఇష్టమన్నారు. మతంలో తప్పనిసరా కాదా అన్న చర్చే ఇక్కడ అక్కర్లేదని, ఆడపిల్ల చదువు ఆగకూడదన్నదే ముఖ్యమని తేల్చారు. దాంతో విషయం విస్తృత ధర్మాసనానికి వెళ్లాల్సి వచ్చింది.

నిజానికి ధూలియా అడిగిందే కాలేజీలకు పనికొచ్చే ప్రశ్న. ఏది తప్పనిసరి ఆచారమో తేల్చడం ప్రిన్సిపల్ పని కాదు కదా! జంధ్యమో, స్కార్ఫో ఉంటే క్లాసుకి వచ్చే ఇబ్బందేంటి, వద్దంటే విద్యార్థికి పోయేదేంటి.. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. బీదర్‌లో పోయింది ఓ పేపర్.

సుప్రీంకోర్టు 1986లోనే ఇలా ఆలోచించింది. కేరళలో జాతీయ గీతం వస్తుంటే లేచి నిలబడి, పాడని ముగ్గురు పిల్లల్ని స్కూల్ నుంచి పంపించేస్తే, తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. 2024 ఆగస్టులో ముంబై కాలేజీ కేసులోనూ హిజాబ్, టోపీలపై నిషేధాన్ని ఆపింది. మరి బొట్టు పెట్టుకున్నా వద్దంటారా అని అడిగింది. క్లాసులో బుర్ఖాకు మాత్రం ఓకే చెప్పలేదు. అంటే హద్దులే లేవని కాదు.

కాపీయింగ్ భయం సంగతేంటంటారా? దానికి నీట్‌లో దారి ఉంది. మతపరమైన దుస్తుల్లో వచ్చేవాళ్లు ముందే సెంటర్‌కి రావాలి, చెకింగ్ అయ్యాక అలాగే పరీక్ష రాయొచ్చు. మన దగ్గరా సర్దుబాట్లు కొత్తేం కాదు. కార్తీకం వస్తే అయ్యప్ప మాలతో క్లాసులకొచ్చే కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు గంట ముందే ఇంటికెళ్లేలా 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఆదేశాలిచ్చాయి.

విద్యార్థుల దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలా చోట్ల రాతపూర్వక రూల్ ఉండదు. ఓ లెక్చరర్ ఒప్పుకుంటారు, మరొకరు బయట నిలబెడతారు. అడ్మిషన్ రోజే ప్రాస్పెక్టస్‌లో నాలుగు లైన్లు రాసిపెట్టడానికి కోర్టు తీర్పు దాకా ఆగాల్సిన పనైతే లేదు.