ముందు ప్లగ్ పీకాలి, తర్వాతే మీటరు పట్టాలి
వాషింగ్ మెషిన్ మొరాయిస్తే దాని విద్యుత్ భాగాలను ఇంట్లోవాళ్లు కరెంటు లేకుండానే పరీక్షించాలి. ఈ నియమానికి మినహాయింపు ఉండకూడదు. స్విచ్ కట్టేస్తే సరిపోదు: వైరింగ్ తారుమారైన చోట స్విచ్ న్యూట్రల్‌ను మాత్రమే తెంపుతుంది, ఫేజు మెషిన్ లోపల అలాగే ఉంటుంది. కాబట్టి ప్లగ్ పీకాలి, కుళాయి కట్టాలి, నేల పొడిగా తుడవాలి. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో చార్జి మిగలవచ్చు. ఇన్వర్టర్ మోటారు బోర్డులో అది 300 వోల్టులు దాటవచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు ప్రమాదకరం. తగిన రెసిస్టర్‌తో డిశ్చార్జి చేసి, వోల్టేజి సున్నాకు వచ్చిందని మీటరులో చూసుకోవాలి. ఆపైన కనెక్షన్ల ఫొటో తీసుకుని, పరీక్షించే భాగం వైర్లు ఊడదీసి, మల్టీమీటరును ఓమ్‌లలో పెట్టాలి. 230 వోల్టులపై పనిచేసే 2000 వాట్ల హీటరు సుమారు 26 ఓమ్‌లు చూపుతుంది. రీడింగే రాకపోతే కాయిల్ తెగినట్టు. హీటరు పిన్నుకూ దాని లోహపు తొడుగుకూ మధ్య మాత్రం రీడింగ్ రాకూడదు. వస్తే హీటరు మార్చాల్సిందే. మామూలు మీటరుకు చిక్కని లీకేజీని ఇన్సులేషన్ పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్ పట్టిస్తుంది. ప్లగ్ ఎర్త్ పిన్నుకూ మెషిన్ బాడీకీ మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు ఉండాలి. కరెంటు ఉండగా చేయాల్సిన పరీక్షలు శిక్షణ పొందిన మెకానిక్‌కే వదిలేయాలి. సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరా తెంపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ప్రతి ఇంట్లో ఉండి తీరాలి. వాటిపై పెట్టే ఖర్చు ప్రాణం ముందు ఏపాటిదీ కాదు.