ఏజెంటు మనవాడే, కాని పత్రం ఏదీ?

గత మాసం మా చెల్లెలి కుమారుడు న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నుండి ఫోన్ చేసి, "మామూ, జపాన్ నుండి పాత కారు ఒకటి తెప్పించుకుంటున్నాను. సగం సొమ్ము పంపేశాను" అన్నాడు. ఏజెంటు ఎవరని అడిగాను. "నగోయాలో ఉంటాడు. మా మస్జిద్‌కు వచ్చే మిత్రునికి బంధువు. మనవాడే" అన్నాడు. వేలం పత్రం చూశావా అంటే, ఫోటోలు పంపాడనీ, నాలుగో గ్రేడు బండి అని చెప్పాడనీ సమాధానం. అసలు పత్రం అడిగితే ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనని వాడి మొహమాటం.

జపాన్‌లో పాత కార్లు అధికంగా వేలం కేంద్రాలలో చేతులు మారుతాయి. అక్కడ పాట పాడే హక్కు సభ్యులైన వర్తకులకే ఉంటుంది. అందుచేత విదేశంలోని కొనుగోలుదారుకు ఏజెంటు అవసరమవుతాడు. వేలానికి వచ్చిన బండిని కేంద్రం తరఫు తనిఖీదారు పరీక్షించి ఒక పత్రం వ్రాస్తాడు. అందులో గ్రేడు, తిరిగిన కిలోమీటర్లు, బండి బొమ్మపై గుర్తులు ఉంటాయి: 'ఏ' అంటే గీత, 'యు' అంటే సొట్ట, 'ఎక్స్ఎక్స్' అంటే మార్చిన భాగం. గ్రేడు గడిలో అంకెకు బదులు 'ఆర్' ఉంటే, ప్రమాదంలో దెబ్బతిని మరమ్మతు పొందిన బండి అని సాధారణంగా గ్రహించాలి. ఏజెంటు తన మాటల్లో చెప్పే సారాంశం ఈ పత్రానికి ప్రత్యామ్నాయం కాదు. జపాన్ భాషలో తనిఖీదారు వ్రాసిన వ్యాఖ్యలను మూడో మనిషితో చదివించుకోవడం మేలు.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆ వ్యక్తి మీ ప్రతినిధా, లేక మీకు అమ్ముతున్న వర్తకుడా? రెండూ ధర్మసమ్మతమే, కాని లెక్కలు వేరు. వర్తకుడైతే తన ధర తాను చెబుతాడు, లాభమెంతో మీకు చెప్పనవసరం లేదు. ప్రతినిధి అయితే, అంటే వకీల్ అయితే, మీరు 6 లక్షల యెన్ల వరకు పాడమన్నప్పుడు బండి 5 లక్షలకే దక్కితే, మిగిలిన లక్ష మీదే. అతనికి చెందేది ముందుగా ఒప్పుకున్న కమీషన్ మాత్రమే. మహాప్రవక్త (స) గొర్రెను కొనమని ఒక దీనారు ఇస్తే, ఉర్వా అల్‌బారిఖీ (రజి) దానితో రెండు గొర్రెలు కొని, ఒకదానిని దీనారుకు అమ్మి, గొర్రెనూ దీనారునూ తెచ్చి అప్పగించిన ఉదంతం బుఖారీ గ్రంథంలో ఉంది. వేలంలో పలికిన ధర చీటీ చూపమనడం అనుమానించడం కాదు, అమానత్‌ను స్పష్టం చేసుకోవడం.

ధర చెప్పినప్పుడు అది ఎఫ్.ఓ.బి.నా, సి.ఐ.ఎఫ్.నా అని అడగాలి. మొదటి దానిలో ఓడ కిరాయి కలవదు. రెండవ దానిలో కిరాయి, బీమా కలుస్తాయి. సొమ్మును సంస్థ పేరున ఉన్న ఖాతాకే పంపాలి. మధ్యలో "మా బ్యాంకు ఖాతా మారింది" అని ఈమెయిల్ వస్తే, ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోనిదే ఒక్క యెన్ కూడా కదపరాదు. ఓడ బయలుదేరిన తర్వాత బిల్ ఆఫ్ లేడింగ్‌లోని ఛాసిస్ నంబరును ఎగుమతి ధ్రువపత్రంతో సరిపోల్చుకోవాలి. న్యూజిలాండ్‌లో 15 శాతం జి.ఎస్.టి., పురుగుల బెడద కోసం జరిపే తనిఖీ, వాటి ఖర్చులు కొన్నవారివే.

గల్ఫ్‌లో ఉన్న మన పాఠకులు కొందరు అక్కడి బండిని స్వదేశానికి తేవచ్చునా అని అడుగుతుంటారు. మన నియమాల ప్రకారం దిగుమతి అయ్యే పాత కారు 3 సంవత్సరాలకు మించినది కాకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. గల్ఫ్ బండ్లకు అది ఎడమవైపు కనుక ఆ ఆశ వదులుకోవలసిందే.

మావాడు చివరకు పత్రం అడిగాడు. నాలుగు రోజుల తర్వాత వచ్చింది. గ్రేడు గడిలో 'ఆర్' ఉంది. ఏజెంటు "చిన్న మరమ్మతే" అన్నాడు. వ్రాతపూర్వక ఒప్పందమేదీ లేదు. బండిని తిరిగి వేలంలో పెట్టి, నష్టాన్ని మినహాయించుకుని మిగిలినది రెండు విడతలుగా పంపాడు. దాచిపెట్టిన లోపానికి నష్టం వీడెందుకు భరించాలని నేను వాదించాను. "మిత్రుని ముఖం చూసి వదిలేశాను మామూ" అన్నాడు. ఆ మిత్రుడేమో ఇప్పుడు మస్జిద్‌లో వీడు కనిపిస్తే దూరంగా వేరే సఫ్‌లో నిలబడుతున్నాడట.